పదహారు గళ్ళ బీరువా

ఆ షెడ్డులో నియమాలు రెండే. ఒకటి, చేసే వస్తువులో మేకు గానీ మర గానీ పడకూడదు. చెక్కను చెక్కే పట్టుకోవాలి. రెండు, జిగురు పూసే వేళ పెద్ద మేస్త్రి తప్ప ఇంకెవరూ నోరు విప్పకూడదు.

రెండో నియమం వెనక ఒక కథ ఉంది. రెండేళ్ళ కింద పళ్ళ డాక్టరూ డ్రైవరు బాబాయీ ఒక బల్లకు నాలుగో కాలు ఎటు తిప్పి పెట్టాలో తేల్చుకోలేక వాదనకు దిగారు. వాదన తెగేసరికి జిగురు ఎండిపోయింది. ఆ మూడు కాళ్ళ బల్ల ఇప్పటికీ మూలన గోడకు ఆనుకుని, టీ ఫ్లాస్కు మోస్తూ, కొంగకు అన్నలా నిలబడి ఉంది.

మూతపడిన అచ్చాఫీసు వెనకాల రేకుల షెడ్డు అది. ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా నలుగురు అక్కడ చేరతారు. నలుగురిలో ఎవరికీ చెక్కపని కూడు పెట్టే పని కాదు. పెద్ద మేస్త్రి అసలు మేస్త్రే కాదు. ముప్పై ఏళ్ళు తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసి రిటైరైన మనిషి. పళ్ళ డాక్టరు మాత్రం నిజంగానే పళ్ళ డాక్టరు. చెక్కకు బెజ్జం వేసేటప్పుడు అలవాటు కొద్దీ "కొంచెం ఓర్చుకోవాలి" అంటాడు. డ్రైవరు బాబాయి బస్సు నడుపుతాడు. చిత్రిక పడుతూ పలక చివరికి వచ్చేసరికి పెదాలతో హారను కొడతాడు. నాలుగో మనిషి అంగుళం.

అంగుళం ఆమె పేరు కాదు. మనిషి పొట్టి, పైగా కొలతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఊరుకోదు కాబట్టి వాళ్ళు ముగ్గురూ పెట్టుకున్న పేరు. వయసు ముప్పై నాలుగు. వారమంతా అన్నయ్య టైలరింగ్ షాపులో కాజాలు కుట్టి గుండీలు వేస్తుంది. పందొమ్మిదో ఏట, అమ్మ పోయిన నెలలో, ఒక వారం ఉందామని అన్నయ్య ఇంటికి వచ్చింది. ఆ వారానికి ఇప్పుడు పదిహేనేళ్ళు. "ఏకులా వచ్చి మేకైంది మా ఆడపడుచు" అని వదిన నవ్వుతూ అంటుంది. అందులో విషం లేదు. ఉన్నా చిటికెడే.

ఆ ఇంట్లో ఆమె పడుకునేది నడవాలో. ఆమెవంటూ ఉన్నవి గోడకు ఒక మేకు, కింద ఒక రేకు పెట్టె. మేకుకు బట్టలు వేలాడతాయి. పెట్టె మీద వచ్చినవాళ్ళు కూర్చుని చెప్పులు విప్పుకుంటారు. పెట్టెలోంచి ఏదైనా తీసుకోవాలంటే చుట్టాలు లేచేదాకా ఆగాలి.

అందుకే తన మొదటి పెద్ద పనిగా ఆమె బీరువా ఎంచుకుంది. ఒక అరా రెండరలూ కాదు, పదహారు గళ్ళు. నాలుగు వరసలు, వరసకు నాలుగు. ఒక్కో గడి తొమ్మిది అంగుళాల వెడల్పు, పన్నెండు అంగుళాల ఎత్తు, దానికో చిన్న తలుపు.

"పదహారు తలుపుల వెనక ఏం దాస్తావమ్మా?" అని పళ్ళ డాక్టరు అడిగాడు.

"తెలీదండి. ముందు తలుపులంటూ ఉంటే తర్వాత చూడొచ్చు," అంది.

మొదట గీసిన బొమ్మలో బీరువా వెడల్పు నలభై అంగుళాలు. ఇంటి నడవాలో తలుపుకూ మెట్లకూ మధ్య గోడ అంతే ఉంది. మూడు నెలల కింద పళ్ళ డాక్టరు భార్య ఒక కబురు మోసుకొచ్చింది. ఆవిడ పనిచేసే చేతిపనుల బడిలో ఆడపిల్లలకు చెక్కపని నేర్పే మనిషి కావాలట. ఉద్యోగంతో పాటు బడి ఆవరణలోనే ఒక గది ఇస్తారట. అంగుళం దారాలు కొనడానికని చెప్పి వెళ్ళి ఆ గది చూసి వచ్చింది. కిటికీకీ తలుపుకూ మధ్య గోడ నలభై నాలుగు. మరుసటి ఆదివారం బొమ్మ మీద నలభైని రబ్బరుతో చెరిపి నలభై నాలుగు అని రాసింది.

"నాలుగు పెంచావేం?" అన్నాడు పెద్ద మేస్త్రి.

"చెక్క మిగిలిందండి."

ఇప్పుడు ఆ బడి ప్రిన్సిపాలు మేడం ఈ ఆదివారం అయిదింటికి షెడ్డుకు వస్తానంది. బీరువా పనితనం చూసి, అంగుళం నోటి నుంచి వస్తాననే మాట వినాలి. మాట రాకపోతే సోమవారం ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తుంది. పనితనం గురించి అంగుళానికి బెంగ లేదు. బెంగంతా మాట గురించే. అన్నయ్యకు చెప్పకుండా మాట ఇవ్వలేదు. అన్నయ్యకు చెప్పనూ లేదు. పదకొండు రోజుల నుంచి ప్రయత్నిస్తూనే ఉంది. కంచంలో వడ్డిస్తూ "అన్నయ్యా" అనేది. "ఏంటమ్మా?" అనేవాడు. "ఉప్పు సరిపోయిందా?" అనేది. పదకొండు రోజులూ ఉప్పు సరిపోయింది.

ఆ ఆదివారం రెండున్నరకు బీరువా వెనక భాగం అతికించే పని మొదలైంది. బీరువా నిలబెట్టే ఉంది. ముందువైపు గళ్ళ చట్రం కిందటి వారమే అతుక్కుని రాయిలా బిగిసింది. లోపలి అరలూ గళ్ళ తలుపులూ ఇంకా పెట్టలేదు. వెనక నాలుగు నిలువు పలకలు, ఒకదాని అంచు ఇంకోదాని గాడిలో దూరేలా, వరసగా అమరాలి. అతుకుల్లోంచి లోపలికి పొంగిన జిగురును వెంటనే తడిగుడ్డతో తుడవకపోతే రేపు పాలిషు కింద తెల్లమచ్చలు తేలతాయి. బయటి నుంచి చెయ్యి అందదు. అందుకని ఒంట్లో చిన్నదైన అంగుళం లోపల దూరి, మూడు పలకల అతుకులూ తుడిచి, నాలుగో పలక పట్టే సందులోంచి పక్కకు తిరిగి బయటికి వస్తుంది. ఆమె వచ్చాకే నాలుగోది బిగిస్తారు. ఇప్పటికి ఆరు బీరువాలు అలాగే చేశారు. ఆరుసార్లూ ఆమె బయటికి వచ్చింది.

ఈసారి మూడో పలక అడుగున జిగురు ఎక్కువగా పొంగింది. ఆమె మోకాళ్ళ మీద వంగి తుడుస్తోంది. షెడ్డంతా నిశ్శబ్దం. పెద్ద మేస్త్రి గొంతు ఒక్కటే "ఒకటి, రెండు" అంటూ పలకలను నొక్కిపట్టే క్లాంపులు లెక్కపెడుతోంది. డ్రైవరు బాబాయి నాలుగో పలక ఎత్తాడు. పలక మోసేవాడికి పలక తప్ప ఇంకేమీ కనబడదు. పళ్ళ డాక్టరు ఆమె బయటికి వచ్చేసిందనుకున్నాడు. ఎప్పుడూ ఈపాటికి వచ్చేస్తుంది కదా.

లోపల వెలుతురు సన్నబడింది. అంగుళం తలెత్తింది. పలక దగ్గరికి వస్తోంది. "ఆగండి" అనే ఒక్క మాట చాలు. కానీ జిగురు తడిగా ఉంది, మాట్లాడకూడదు. చూస్తారులే అనుకుంది. ఎవరో ఒకరు చూస్తారులే. ఇంట్లో కూడా ఆమె పదిహేనేళ్ళుగా అనుకుంటున్నది అదే. పలక అంచు గాడిలో దూరిన చప్పుడు వినబడింది. తరువాత కొయ్యసుత్తి దెబ్బలు మూడు, క్లాంపులు బిగిసిన కిర్రుమనే చప్పుడు. తేలు కుట్టిన దొంగలా తడిగుడ్డ గుప్పిట్లో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

పది నిమిషాలకు పెద్ద మేస్త్రి గట్టిగా ఊపిరి వదిలాడు. "ఆ, అయింది. ఇంక మాట్లాడుకోవచ్చు."

"ఎప్పటికన్నా బాగా కుదిరింది," అన్నాడు డ్రైవరు బాబాయి. "అంగుళం ఏదీ? టీ తాగుదాం రమ్మనండి."

"ఇక్కడున్నాను బాబాయ్," అంది బీరువా.

ముగ్గురూ ముందువైపుకు ఉరికారు. మూడు గళ్ళలో మూడు ముఖాలు కనబడ్డాయి.

"లోపలేం చేస్తున్నావమ్మా?"

"తుడుస్తున్నాను."

"మరి ఒక్క మాట చెప్పొద్దూ?"

"మాట్లాడకూడదు కదా."

నియమం వాళ్ళు పెట్టిందే.

పెద్ద మేస్త్రి వెనక్కి వెళ్ళి పలకల అతుకు మీద వేలు పెట్టి చూశాడు. "పట్టేసింది. ఇప్పుడు లాగితే అంచులు విరుగుతాయి, పలకలు చీలతాయి. మరలతో బిగించి ఉంటే విప్పేసేవాళ్ళం."

"మన దగ్గర మరలు ఉండవుగా," అన్నాడు పళ్ళ డాక్టరు. "పదిమందికీ గొప్పగా చెప్పుకుంటాం కూడాను."

"గళ్ళలోంచి వస్తావేమో చూడమ్మా," అన్నాడు డ్రైవరు బాబాయి.

చూసింది. తల వచ్చింది. భుజాలు రాలేదు. తల మళ్ళీ లోపలికి తీసుకునేసరికి ఒక చెవి ఎర్రబడింది.

"నేను పళ్ళ డాక్టర్ని. ఈ కేసు నా వల్ల కాదు," అన్నాడు డాక్టరు. ఎవరూ నవ్వలేదు. తరువాత అంగుళమే లోపల కొంచెం నవ్వింది.

"విప్పొద్దండి," అంది. "ముప్పావు గంట ఆరనివ్వండి. మేడం వచ్చేసరికి వెనకభాగం చీలిపోయి ఉంటే ఇంకేం చూపిస్తాం? ఆరాక ఆలోచిద్దాం."

బీరువా లోతు పద్దెనిమిది అంగుళాలు. ఆమె గోడకు ఆనించిన గొడుగులా ముడుచుకుని కూర్చుంది. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. జిగురు వాసన గొంతులో దిగింది. జడ కొస ఒక అతుకుకు అంటుకుంటే పట్టి లాగింది, నాలుగు వెంట్రుకలు అక్కడే ఉండిపోయాయి. ఎడమ కాలు తిమ్మిరెక్కి, కాసేపటికి అసలు కాలు ఉందన్న సంగతే తెలియకుండా పోయింది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆమెకు ఈరోజే సరిగ్గా తెలిసింది. బయటి షెడ్డు పదహారు ముక్కలుగా కనబడుతోంది. ఒక ముక్కలో ఫ్లాస్కు, ఒక ముక్కలో డాక్టరు బొజ్జ, పై వరసలో గడియారం. మూడూ పది.

మూడుంబావుకు బయట స్కూటరు ఆగింది. ఆ దగ్గు లాంటి చప్పుడు ఆమెకు బాగా తెలుసు.

అన్నయ్య ఇంతకు ముందెప్పుడూ షెడ్డుకు రాలేదు. మెడలో టేపు అలాగే ఉంది. నిద్రలో తప్ప దాన్ని తియ్యడు.

"మా చెల్లెలు ఉందా అండీ?"

డ్రైవరు బాబాయి నోరు తెరిచాడు. అప్పుడే రెండో వరస మూడో గడిలోంచి ఒక వేలు బయటికి వచ్చి, వద్దన్నట్టు రెండుసార్లు ఆడి, లోపలికి పోయింది.

"పని మీద ఉందండి," అన్నాడు బాబాయి. అది అబద్ధం కూడా కాదు.

"లేకపోవడమే మంచిదైంది. నేను మీతోనే మాట్లాడదామని వచ్చాను." అన్నయ్య మూడు కాళ్ళ బల్ల మీద కూర్చోబోతే ముగ్గురూ ఒకేసారి "అక్కడ వద్దు" అన్నారు. స్టూలు వేశారు. "స్కూలు యూనిఫారాలు వచ్చాయండీ. మూడు వందల జతలు. ఆదివారాలు కూడా చేస్తే గానీ తెమలదు. వచ్చే వారం నుంచి మా చెల్లి ఇక్కడికి రాదు. ఆ మాట మీరు చెప్పాలి."

"మేమా?" అన్నాడు పెద్ద మేస్త్రి.

"నేను చెప్తే కాదనదండీ. వచ్చిన చిక్కే అది. సరే అన్నయ్యా అంటుంది, లోపల్లోపల బాధపడుతుంది. నాకు ఆ మొహం చూడాలంటే కష్టం. షెడ్డు రిపేరనో మరోటనో మీరే ఏదో చెప్పండి."

"ఎన్నాళ్ళు?"

"యూనిఫారాలయ్యేదాకా. తర్వాత పెళ్ళిళ్ళ బట్టలుంటాయి. ఆ తర్వాత మళ్ళీ స్కూళ్ళు. చూద్దాం."

ఆ చూద్దాం ఎంత పొడవుంటుందో లోపలున్న మనిషికి తెలుసు. నడవాలో లైటు వేయించమంటే అన్నయ్య చూద్దాం అని నాలుగేళ్ళయింది. ఆమె నుదురు మోకాళ్ళకు ఆనించుకుంది. అన్నయ్య చెడ్డవాడైతే ఎంత బాగుండేది అనిపించింది. చెడ్డవాడికి చెప్పి వెళ్ళిపోవడం తేలిక. జ్వరం వస్తే రెండు రాత్రులు పక్కన కూర్చున్న మనిషికి ఏమని చెప్పాలి?

అన్నయ్య లేచాడు. వెళ్ళిపోతాడనుకుంది. అతని చెప్పులు బీరువా వైపు వచ్చాయి.

"ఇదేనా? మా చెల్లి చేసిందేనా?"

"అంతా ఆమె పనే," అన్నాడు పెద్ద మేస్త్రి.

అన్నయ్య చట్రం మీద అరచెయ్యి పెట్టి, గుడ్డ నాణ్యం చూసినట్టు మెల్లగా నిమిరాడు. "కుట్టు కనబడకుండా కుట్టింది," అన్నాడు. ఆ మాటలో గర్వం ఉంది. చెక్కకు ఇవతల అరచేతి దూరంలో అంగుళం ఊపిరి బిగబట్టింది. "నాకు ఒక్కసారి కూడా చూపించలేదండీ. బాగా పనికొస్తుంది. మా ఇంట్లో ఎవరి సామాను వాళ్ళకు చోటు లేక చస్తున్నాం." వేలు పెట్టి గళ్ళు చూపించడం మొదలుపెట్టాడు. "ఈ నాలుగూ మా ఆవిడ చీరలకు. పిల్లలిద్దరికీ రెండేసి, ఎనిమిది. షాపు దారాలకు మూడు, గుండీలకు రెండు. పదమూడా? మందులకు ఒకటి. మా బావమరిది వచ్చినప్పుడు గడ్డం సామాను పెట్టుకోవడానికి ఒకటి. ఇక ఆ కింద చివరిది గొడుగులకు." కొంచెం ఆగాడు. "గొడుగు పట్టదేమో. సరే, అది మా చెల్లికి ఇచ్చేద్దాం. తనకంటూ ఒకటి ఉండాలి కదా."

డ్రైవరు బాబాయి కిటికీ వైపు తిరిగి బయట ఏదో చూడసాగాడు.

అంగుళం ఏడవలేదు. చీరల గళ్ళ వెనక కూర్చుని ఆ చివరి గడిని చూసింది. ఇదీ సర్దుకుపోవచ్చు అనిపించింది. ఒక మేకు కన్నా ఒక గడి నయమే కదా. అలా అనిపించినందుకు తన మీద తనకే భయమేసింది.

అన్నయ్య మెడలోంచి టేపు తీశాడు. బీరువా ఈ కొస నుంచి ఆ కొసకు పట్టాడు. మళ్ళీ పట్టాడు.

"నలభై నాలుగు," అన్నాడు. "మా నడవా గోడ నలభయ్యేనండీ."

పెద్ద మేస్త్రి బొమ్మ మీద రబ్బరుతో చెరిపిన చోటు వైపు చూశాడు.

"మా చెల్లి లెక్క ఎప్పుడూ తప్పదు. కాజాకూ కాజాకూ మధ్య దూరం నేను మళ్ళీ కొలవను కూడా కొలవను. ఇంత పెద్ద వస్తువు దగ్గరికొచ్చేసరికి తప్పింది, పాపం."

గళ్ళు పంచినప్పుడు రాని మాట, ఆదివారాలు తీసేసినప్పుడు రాని మాట, దీనికి వచ్చేసింది. తను రావాలనుకునేలోపే వచ్చేసింది.

"తప్పలేదు అన్నయ్యా."

టేపు కొస అన్నయ్య చేతిలోంచి జారింది. అతను బాబాయి వైపు చూశాడు. తరువాత డాక్టరు నోటి వైపు చూశాడు.

"నేను కాదండి," అన్నాడు డాక్టరు.

"చెల్లాయ్?"

"ఊఁ."

"ఎక్కడున్నావ్?"

"నువ్వు వదినకిచ్చిన నాలుగింటి వెనక."

అన్నయ్య గొంతుక్కూర్చుని గడిలోంచి చూశాడు. లోపల ఒక కన్ను, సగం ముక్కు, చెక్కపొట్టు పడ్డ జుట్టు కనబడ్డాయి. "నిన్ను ఇందులో ఎవరు పెట్టారు?"

"ఎవరూ పెట్టలేదు. నేను వచ్చేలోపు మూసేశారు."

అన్నయ్య లేచి ఒక క్లాంపు పట్టుకున్నాడు. పెద్ద మేస్త్రి ఆ చెయ్యి పట్టుకున్నాడు. "ముట్టుకోకండి. ఇంకో పావుగంట ఆరాలి. ఇప్పుడు వదులు చేస్తే మీ చెల్లెలి మూడు నెలల కష్టం నేలపాలు."

పావుగంట. అన్నయ్య ఆమెను బయటికి తియ్యలేడు. ఆమె వంటింట్లోకి పారిపోలేదు. ఉప్పు గురించి అడగడానికి ఇక్కడ కంచం లేదు. గడిలోంచి ఆమెకు అన్నయ్య ముఖం మొత్తం కనబడదు. చొక్కా రెండో గుండీ, గడ్డం, పెదాల చివర మాత్రమే కనబడతాయి. ఎదురుగా నిలబడితే గొంతు దాటని మాట చెక్క అడ్డం ఉంటే దాటింది.

"నలభై నాలుగు వేరే గోడది," అంది. చేతిపనుల బడి గురించి చెప్పింది. గది గురించి, కిటికీ గురించి చెప్పింది. దారాలు కొనడానికని అబద్ధం చెప్పిన సంగతీ చెప్పింది. అయిదింటికి మేడం వస్తుందనీ, ఈరోజు మాట ఇవ్వకపోతే పోతుందనీ చెప్పింది. మధ్యలో గొంతు రెండుసార్లు ఆగింది. ఎవరూ అందుకోలేదు. ఆ షెడ్డులో నోరు మూసుకోవడం అందరికీ బాగా అలవాటు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు అన్నయ్య.

"చెప్పాను. పదకొండు రోజులు చెప్పాను."

అన్నయ్య ఆలోచించాడు. "అంటే అదంతా ఉప్పు గురించి కాదన్నమాట."

"కాదు."

"నేనేదో నా బీపీ గురించి అడుగుతున్నావనుకుని మీ వదినతో కూడా చెప్పుకున్నాను." అతను నేల మీదే చతికిలబడ్డాడు. "ఇంట్లో నీకేం తక్కువ చేశాను చెల్లాయ్?"

"ఏం తక్కువ చెయ్యలేదు. ఇప్పుడు కూడా ఒకటి ఇచ్చావు కదా. పదహారింట్లో."

అన్నయ్య తలెత్తి బీరువా వైపు చూశాడు. పెదాలు కదిలాయి. మళ్ళీ లెక్కపెట్టుకుంటున్నాడని గుండీ పక్కన వేలు కదలడాన్ని బట్టి ఆమెకు తెలిసింది. చివరిదాకా వచ్చి ఆగాడు.

"మరి మూడు వందల జతలు?" అన్నాడు. దెబ్బలాటలా అనలేదు. దారి తెలియనివాడు అడిగినట్టు అడిగాడు.

"నెలాఖరు దాకా ఉంటాను. వదినకు మిషను మీద కాజా నేర్పుతాను. నువ్వు కూడా నేర్చుకో. ఎంతసేపూ కత్తెర పట్టుకోవడమేనా?"

డ్రైవరు బాబాయి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"సరే, ముందు బయటికి రా. ఇంట్లో మాట్లాడుకుందాం," అన్నాడు అన్నయ్య.

ఆమెకు ఇల్లు కళ్ళ ముందు మెదిలింది. కంచం, గరిటె, "ఏంటమ్మా?"

"ఇంట్లో నాకు మాట రాదు అన్నయ్యా. ఇక్కడే చెప్పు."

"అంటే నేను ఒప్పుకునేదాకా బయటికి రావా?"

"ఒప్పుకోమనడం లేదు. విన్నానని చెప్పు."

అన్నయ్య నేల మీది టేపు తీసి వేళ్ళకు చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు.

"విన్నాను," అన్నాడు.

ఆమె గుప్పిట్లోని తడిగుడ్డ పక్కన పెట్టింది. తరువాత మామూలు గొంతుతో, "మేస్త్రి గారూ, సన్నపళ్ళ రంపం ఇవ్వండి," అంది.

ఏది కొయ్యాలో ఆమె ముందే చూసుకుంది. అన్నిటికన్నా కింది వరసలో, మధ్య రెండు గళ్ళ నడుమ ఉన్న నిలువు ముక్క. అది తీసేస్తే రెండూ కలిసి ఇరవై అంగుళాల సందు అవుతుంది. బోర్లా పాకితే మనిషి పడుతుంది.

"నీ పనిని నువ్వే కోసుకుంటావా?" అన్నాడు పెద్ద మేస్త్రి. "ఆవిడ చూడ్డానికి వచ్చేది దీన్నే."

"కోత కూడా చూస్తుందిలెండి."

రంపం గడిలోంచి లోపలికి వెళ్ళింది. లోపలి నుంచి కోస్తే రంపం బయటికి దూసుకొచ్చే చోట చెక్క పెచ్చులు లేస్తుంది. అలా లేవకుండా ఒకరు బయట చిన్న చెక్కముక్క ఆనించి గట్టిగా నొక్కి ఉంచాలి. పెద్ద మేస్త్రి ముక్క తీసుకుని వంగబోయాడు. అన్నయ్య అది అందుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కాలరు ఇస్త్రీ చేసేటప్పుడు నొక్కినట్టు రెండు బొటనవేళ్ళతో నొక్కిపట్టాడు.

చెయ్యి ఆడించడానికి లోపల నాలుగు అంగుళాల జాగా కూడా లేదు. ఒక్కో దెబ్బకు నలుసంత తెగుతోంది. మోచెయ్యి ప్రతిసారీ వెనక పలకకు కొట్టుకుంటోంది. కొత్తగా అతికిన పలక కదలలేదు. ఆమె అది కూడా గమనించుకుంది. పై కోత అయ్యేసరికి చొక్కా చేతుల నిండా పొట్టు పడి అన్నయ్యకు తుమ్ము వచ్చింది. బొటనవేళ్ళు తియ్యకుండానే తుమ్మాడు. కింది కోత కూడా తెగాక ముక్క ఊడి వచ్చింది.

ఆమె తల ముందు వచ్చింది, తరువాత ఒక భుజం, తరువాత రెండోది. నడుము దగ్గర ఆగిపోతే అన్నయ్య చంకల కింద పట్టి లాగాడు. నేల మీద కూర్చుంది. కాళ్ళలో చీమలు పాకుతున్నట్టు ఉంది, నిలబడలేకపోయింది. అన్నయ్య ఆమె జుట్టులోంచి చెక్కపొట్టు ఒక్కొక్కటే ఏరాడు. తయారైన చొక్కా మీద దారప్పోగులు ఏరేటప్పుడు కూడా అతను అలాగే ఏరతాడు.

అయిదుకు పది నిమిషాల ముందే ప్రిన్సిపాలు మేడం వచ్చింది. నెరిసిన జుట్టు, మెడలో గొలుసుకు కళ్ళజోడు. పలకరింపులు తొందరగా ముగించి బీరువా చుట్టూ తిరిగింది. వెనక పలకలు తట్టి చూసింది. ముందుకు వచ్చి, పెద్ద మేస్త్రి అందించిన బొమ్మ చూసి, గళ్ళు లెక్కపెట్టింది.

"బొమ్మలో పదహారున్నాయి. ఇక్కడ పదిహేనే ఉన్నాయేం?"

మగవాళ్ళు నలుగురూ నేల చూశారు. మేడం వంగి, కోసిన చోట వేలితో రాసింది. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూసింది. "ఇది లోపలి నుంచి కోసిన కోత," అంది. "పెచ్చు లేవలేదు. ఎవరు కోశారు?"

"నేనేనండి," అంది అంగుళం. "నేను లోపల ఉండగా మూసేశారు. దాంట్లోంచే బయటికి వచ్చాను."

మేడం ఆమెను, ఆమె చెంప మీద చెక్క గీరుకున్న గీతను, ఆ సందును వరసగా చూసింది. నవ్వాలో వద్దో తేల్చుకోలేక గొంతు సవరించుకుంది. "ఎప్పటి నుంచి రాగలరు?"

అలవాటుగా ఆమె కళ్ళు అన్నయ్య మీదికి పోయాయి. అన్నయ్య అటు తిరిగి నిలబడి, వేళ్ళకు టేపు చుట్టుకుంటున్నాడు. తల తిప్పలేదు. ఒప్పుకున్నట్టో కాదన్నట్టో ఆ వీపు చూస్తే తెలియదు.

"ఒకటో తేదీ నుంచి," అంది.

మాట మొత్తం బయటికి వచ్చింది. మేడం చిన్న పుస్తకంలో రాసుకుంటుంటే అంగుళానికి ఉన్నట్టుండి ఒకటి గుర్తొచ్చింది. కుంటుకుంటూ బీరువా దగ్గరికి వెళ్ళి, కింది వరస వెడల్పు గడిలో చెయ్యి పెట్టి తడుముతూ, లోపల వదిలేసిన జిగురు గుడ్డ కోసం వెతికింది. అంచున అప్పుడే అతుక్కుపోతోంది. చెక్కకు మచ్చ పడకుండా మెల్లగా ఒలిచి బయటికి తీసింది.